ఉప్పూ నీరూ: నిలకడకు ప్రాణి పెట్టే ఖర్చు

డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం



సుబ్బారావు గారి స్మృతిలో మాట్లాడేవారు సాధారణంగా ఆయన మందులతో మొదలుపెడతారు. బోదకాలు వ్యాధికి నేటికీ ఊరూరా పంచుతున్న డైఇథైల్‌కార్బమజైన్, ఫోలిక్ ఆమ్లం తయారీ, పిల్లల లుకేమియా చికిత్సకు దారి తెరిచిన మందులు, ఆరియోమైసిన్: ఇవన్నీ లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపించిన బృందాల నుంచి వచ్చినవే. ఆ కథ మీకు తెలుసు. నేను అంతకన్నా వెనక్కి, 1925 నుంచి 1929 వరకు హార్వర్డ్ వైద్య కళాశాలలో ఆయన భాస్వరాన్ని కొలుస్తూ గడిపిన కాలానికి వెళతాను. ప్రాణి ఒంట్లో ఉప్పూ నీరూ ఎలా నిలకడగా ఉంటాయన్నది ఈరోజు నా విషయం. ఆ నిలకడకు అయ్యే ఖర్చంతా ఆయన కనుగొన్న అణువు ఖాతాలోనే పడుతుంది.

సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన చేసిన మొదటి పెద్ద పని ఒక కొలత. రక్తంలోనో మూత్రంలోనో కండలోనో ఫాస్ఫేటు ఎంతుందో తేల్చే పద్ధతి అది. నమూనాకు మాలిబ్డేటు కలిపి, దాన్ని క్షయకరించే మరో రసాయనం చేర్చితే నీలిరంగు తేలుతుంది. ఫాస్ఫేటు ఎంత ఎక్కువ ఉంటే రంగు అంత చిక్కన. 1925లో అచ్చయిన ఫిస్కే-సుబ్బారావు పద్ధతిని బయోకెమిస్ట్రీ విద్యార్థులు తరాలుగా చేస్తూ వచ్చారు. చేతిలో ఆ కొలత ఉండబట్టే 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో కణాలకు శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు వాళ్లకు చిక్కాయి. ఏటీపీని అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుగొన్నారు. అప్పటిదాకా కండరం ముడుచుకోవడానికి బలం లాక్టిక్ ఆమ్లం తయారవడం నుంచే వస్తుందని నమ్మేవారు. ఆ దారిలో పనిచేసిన హిల్, మేయర్‌హాఫ్‌లకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి దక్కింది. ఆ బహుమతి తర్వాత అయిదేళ్లకే ఒక నీలిరంగు కొలత ఆ నమ్మకం పునాదిని కదిల్చింది. కొత్త సిద్ధాంతం కన్నా ముందు నమ్మదగిన కొలత కావాలని మన విద్యార్థులకు చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఏటీపీ అనగానే పరుగు, బరువులెత్తడం గుర్తొస్తాయి. మీరిప్పుడు కదలకుండా కూర్చుని ఉన్నారు. ఈ విశ్రాంతిలో కూడా మీ ఒళ్లు ఖర్చుపెట్టే శక్తిలో దాదాపు అయిదో వంతు ఒకే పనికి పోతోంది. ప్రతి కణమూ సోడియాన్ని బయటికి తోడుతోంది, పొటాషియాన్ని లోపలికి చేర్చుకుంటోంది. రోజు మొత్తంలో తయారై, ఖర్చై, మళ్లీ తయారయ్యే ఏటీపీని కూడితే ఇంచుమించు మనిషి బరువంత తూగుతుంది. అందులో ఇంత పెద్ద వాటా కదలికకు కాదు, ఉన్నచోట ఉన్నట్టు ఉండటానికి ఖర్చవుతోంది.

సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. ఆ ప్రాంతపు చేపతోనే ఈ సంగతి విప్పుతాను. ఎర్రనీరు దిగే రోజుల్లో బంగాళాఖాతం నుంచి గోదావరికి ఎదురీదే చేపను సముద్రంలో ఉన్నప్పుడు విలస అని, నదిలోకి వచ్చాక పులస అని పిలుస్తారు. దాని రుచి గురించీ ధర గురించీ మనం ఏటా మాట్లాడుకుంటాం. యానాం దగ్గరో అంతర్వేది దగ్గరో నదిలో తల పెట్టినప్పటి నుంచి దాని ఒంట్లో ఏం జరుగుతుందో మాట్లాడుకునేవాళ్లు తక్కువ.

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఎముకల చేప రక్తంలో అందులో మూడో వంతు మాత్రమే ఉంటుంది. కాబట్టి సముద్రంలో ఉన్నంతకాలం చేప ఒంట్లోని నీరు మొప్పల పలుచని చర్మం గుండా బయటికి జారిపోతూ ఉంటుంది. నీటి మధ్యలో ఉండి కూడా అది ఎండిపోతుంది. ఆ లోటు తీర్చుకోవడానికి సముద్రపు నీరే తాగుతుంది. తాగిన నీటితో పాటు ఉప్పూ లోపలికి వస్తుంది. ఆ ఉప్పును బయటికి పంపాలి. చేప మూత్రపిండానికి రక్తం కన్నా ఉప్పగా మూత్రం చేసే శక్తి లేదు. మరి ఆ ఉప్పు ఎటు పోతోంది? 1930లో అమెరికన్ శరీరధర్మ శాస్త్రవేత్త హోమర్ స్మిత్ లెక్క కట్టి చూసి, మొప్పల గుండా పోతుండాలని తేల్చారు. 1932లో కీస్, విల్మర్ అనే ఇద్దరు మలుగుచేప మొప్పల్లో ఆ పని చేసే ప్రత్యేక కణాలను చూపించారు. వాటినే క్లోరైడు కణాలంటారు. అప్పటిదాకా మొప్పంటే ఊపిరి తీసుకునే అవయవమనే అనుకునేవారు.

నదిలోకి రాగానే కథ తలకిందులవుతుంది. నదినీటిలో లీటరుకు గ్రాము ఉప్పు కూడా ఉండదు. ఇప్పుడు బయటి నీరు ఒంట్లోకి చొరబడుతుంది, ఒంట్లోని ఉప్పు నీటిలోకి జారిపోతుంది. చిల్లు పడిన పడవలో కూర్చుని నీళ్లు తోడుతున్న మనిషి పరిస్థితి అది. చేప నీరు తాగడం మానేస్తుంది. మూత్రపిండం పలచటి మూత్రాన్ని ఎడతెగకుండా పోస్తుంది. నిన్నటిదాకా ఉప్పును బయటికి నెట్టిన మొప్పలే ఇవాళ నదినీటిలోని అతి కొద్ది ఉప్పును ఏరి లోపలికి లాక్కుంటాయి. పాత కణాల స్థానంలో వేరే రకం కణాలు పెరగాలి, పొరల మీది వాహకాలు మారాలి, హార్మోన్లు మారాలి. ఇది ఒక పూటలో అయ్యే పని కాదు. సముద్రానికీ నదికీ మధ్య తిరిగే చేపలకు ఉప్పునీరూ మంచినీరూ కలిసే పాయలు అందుకే అంత ముఖ్యం. నదీముఖాల్లో మంచినీటి ప్రవాహం తగ్గిపోవడాన్ని మనం సాగునీటి లెక్కల్లోనే చూస్తున్నాం. చేప మొప్ప లెక్కలో కూడా చూడాలని నా గట్టి అభిప్రాయం.

ఇలా రెండు దిశల్లో పనిచేసే యంత్రం ఏమిటి? దాని జాడ మరో నీటిజీవిలో దొరికింది. డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో యెన్స్ స్కూ మత్తుమందులు నరాల మీద ఎలా పనిచేస్తాయో పరిశోధిస్తూ, తీరపు పీతల కాళ్ల నరాలను నూరి చూశారు. ఆ ముద్దలో ఏటీపీని విరగ్గొట్టే ఎంజైము ఒకటి ఉంది. మెగ్నీషియం ఉండాలి, సోడియం ఉండాలి, పొటాషియం కూడా ఉండాలి. అన్నీ కలిస్తేనే అది పూర్తి వేగంతో పనిచేసింది. 1957లో ఆయన దాన్ని ప్రకటించారు. ఒక ఏటీపీ అణువు విరిగితే మూడు సోడియం అయాన్లు బయటికి, రెండు పొటాషియం అయాన్లు లోపలికి వెళతాయి. దీన్నే సోడియం పంపు అంటున్నాం. స్కూకు 1997లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ పంపు ఎంత చురుగ్గా ఉందో చెప్పాలంటే ఏటీపీ విరిగినప్పుడు విడుదలైన ఫాస్ఫేటును కొలవాలి. దశాబ్దాల పాటు ఎన్నో ప్రయోగశాలల్లో ఆ కొలతకు వాడింది ఫిస్కే-సుబ్బారావు నీలిరంగే. ఏటీపీని పట్టించిన రంగే ఏటీపీ ఎక్కడ ఖర్చవుతోందో కూడా చెప్పింది.

ఇక్కడ నేను చెప్పదలచుకున్న అసలు మాట చెబుతాను. మన పాఠ్యపుస్తకాల్లో శ్వాస వ్యవస్థ ఒక అధ్యాయం, జీర్ణ వ్యవస్థ ఒకటి, విసర్జక వ్యవస్థ ఒకటి. పరీక్షకు అది సౌకర్యం. పిల్లలు నెఫ్రాన్ బొమ్మ గీసి, భాగాలు గుర్తించి, మార్కులు తెచ్చుకుంటారు. ప్రాణి ఒంట్లో మాత్రం పనికి ఈ గోడలు లేవు. ఉప్పును అదుపులో పెట్టడమనే ఒక్క పనిని ఎక్కడ వీలైన పొర ఉంటే అక్కడ ప్రాణి చేయించుకుంటుంది. చేపకు మొప్ప, మనకు మూత్రపిండం, సముద్రపు పక్షికి కళ్ల పైన ఉండే ఉప్పు గ్రంథి. మన తీరంలో శ్రీకాకుళం నుంచి కిందికి ఎన్నో చోట్ల ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి. గుడ్లు పెడుతున్నప్పుడు తల్లి తాబేలు కన్నీరు కారుస్తుందని చూసినవాళ్లు చెబుతారు. అది కంటి దగ్గరి గ్రంథి నుంచి కారే చిక్కటి ఉప్పునీరు. ఆ తాబేలు సముద్రంలో ఉన్నప్పుడూ ఆ ఉప్పును అలాగే వదిలిస్తుంది. ఒడ్డున కాబట్టి మనకు కనబడింది. మొప్పలోనూ, ఆ గ్రంథిలోనూ, మన మూత్రపిండంలోనూ అడుగున నడిచేది అదే సోడియం పంపు. దాని చుట్టూ అమర్చిన తలుపులు మాత్రం చోటును బట్టి మారతాయి.

ఈ మాట తరగతి గదికే పరిమితమైంది కాదు. భీమవరం చుట్టుపక్కల వనామీ రొయ్య పెంచే రైతును అడగండి. వనామీ ఒంట్లోని ఉప్పు సుమారు 25 పీపీటీ, అంటే లీటరుకు 25 గ్రాముల ఉప్పున్న నీటితో సమతూకంలో ఉంటుంది. మన రైతు బోరునీటిలో, కొన్నిచోట్ల 5 పీపీటీ కన్నా తక్కువ ఉప్పులో దాన్ని పెంచుతున్నాడు. అంటే రొయ్య పగలూ రాత్రీ మొప్పల్లో ఉప్పు లాక్కుంటూనే ఉండాలి. సముద్రపు నీటిలో సోడియం 28 పాళ్లుంటే పొటాషియం ఒక పాలుంటుంది. బోరునీటిలో ఉప్పు సరిపడా ఉన్నట్టు మీటరు చూపించినా పొటాషియం చాలా తక్కువ ఉండొచ్చు. పీత నరాల ముద్దలో స్కూ చూసింది ఇక్కడ చెరువులో కనబడుతుంది: పొటాషియం, మెగ్నీషియం లేకపోతే పంపు నడవదు. పిల్ల బతకదు, బతికినది సరిగా పెరగదు, గుల్ల గట్టిపడదు. అందుకే చెరువులో పొటాష్, మెగ్నీషియం చల్లుతారు. షాపులో రంగురంగుల సంచుల్లో 'మినరల్స్' పేరుతో అమ్మే సరుకంతా ఎప్పుడూ అవసరమని నేను చెప్పను. నీటిని పరీక్ష చేయించి, సోడియంకూ పొటాషియంకూ నిష్పత్తి చూసుకుని చల్లే రైతుకు డబ్బు మిగులుతుంది. ఎందుకు చల్లుతున్నామో తెలిసిన రైతును ఎవరూ మోసం చేయలేరు. ఆ చెరువు గట్ల మీదుగా బడికి నడిచే పిల్లలకు విసర్జక వ్యవస్థ పాఠం ఆ చెరువు నుంచి మొదలుపెట్టి చెబితే బాగుంటుందని నేను కోరుకుంటాను.

పేగుకు వద్దాం. సుబ్బారావు గారి జీవితంలో పేగుకు విషాదమైన చోటు ఉంది. ఆయన అన్నను స్ప్రూ అనే జబ్బు బలి తీసుకుంది. తిన్నది ఒంటికి పట్టనివ్వని పేగు వ్యాధి అది. ఆయనకూ వచ్చింది, ఆచంట లక్ష్మీపతి గారి వైద్యంతో కోలుకున్నారు. తర్వాత ఆ జబ్బుకు పనికొచ్చే ఫోలిక్ ఆమ్లం వెంట ఆయన అంత పట్టుదలగా పడ్డారంటే ఆశ్చర్యం లేదు.

పేగు పొరలోని ప్రతి కణమూ రక్తం వైపుకు సోడియాన్ని తోడేస్తూ తన లోపల దాన్ని తక్కువగా ఉంచుకుంటుంది. అందువల్ల తిన్న ఆహారంలోని సోడియం కణంలోకి దూకుతుంది. దూకేటప్పుడు గ్లూకోజును వెంటబెట్టుకుని వస్తుంది. రాబర్ట్ క్రేన్ ఈ జంట ప్రయాణాన్ని 1960లో ప్రతిపాదించారు. అంతకు ముందు ఏడాది కలకత్తాలో శంభునాథ్ డే కలరా సూక్ష్మజీవి విడిచే విషమే విరేచనాలకు కారణమని రుజువు చేశారు. ఆ విషం పేగు కణంలో క్లోరైడు బయటికి పోయే ద్వారాన్ని బార్లా తెరిచిపెడుతుంది. దాని వెనకాలే నీళ్లు పోతాయి. సముద్రపు చేప మొప్పలో ఉప్పు బయటికి పంపే ద్వారం కూడా ఈ జాతిదే. ఒకచోట ప్రాణం నిలిపే తలుపు ఇంకోచోట అదుపు తప్పి ప్రాణం తీస్తుంది.

అయితే ఆ విషం గ్లూకోజు, సోడియం కలిసి లోపలికొచ్చే దారిని మూసేయదు. ఓఆర్ఎస్ పనిచేసేది దాని వల్లే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో నిండిన బన్‌గావ్ శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనాబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని డ్రమ్ముల్లో నింపి, రోగుల బంధువుల చేతే తాగించారు. అక్కడ అంతకుముందు 30 శాతం దాకా ఉన్న మరణాలు ఆ నీరు తాగినవారిలో 4 శాతం లోపుకు దిగాయి. ఇప్పుడు మన అంగన్‌వాడీలో దొరికే ప్యాకెట్‌లో లీటరు నీటికి 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడు, 2.9 గ్రాముల సిట్రేటు ఉంటాయి. సోడియమూ గ్లూకోజూ సరిసమానంగా వచ్చేలా కట్టిన లెక్క అది. విరేచనాలైన బిడ్డకు చక్కెర ఎక్కువగా ఉన్న కూల్‌డ్రింకో, దుకాణంలో ఓఆర్ఎస్ లాగా కనిపించే తీపి నీళ్ల డబ్బానో పట్టే తల్లులను చూస్తే నాకు బాధ కలుగుతుంది. చక్కెర ఎక్కువైతే నీరు పేగులోకే తిరిగి లాగబడుతుంది, విరేచనాలు పెరుగుతాయి.

చివరిగా మూత్రపిండం. రెండూ కలిపి ఒంటి బరువులో అర శాతం కూడా ఉండవు. గుండె పంపే రక్తంలో అయిదో వంతు వాటికి చేరుతుంది. రోజుకు 180 లీటర్ల ద్రవం వాటిలో వడకట్టబడుతుంది. అందులో సుమారు లీటరున్నర మాత్రమే మూత్రమవుతుంది. ఆ 180 లీటర్లతో పాటు వడపోతలో దిగే ఉప్పు దాదాపు కిలోన్నర. బయటికి పోయేది మనం తిన్నంత, అంటే కొన్ని గ్రాములు. మిగిలినదంతా నాళికలు తిరిగి రక్తంలోకి చేరుస్తాయి, మళ్లీ అదే సోడియం పంపు బలంతో. అంటే మూత్రపిండం చేసే పనిలో పెద్ద భాగం పారేయడం కాదు, పారేసిన దాన్ని తిరిగి తెచ్చుకోవడం.

ముందు అంతా పారబోసి, ఆ తర్వాత ఏరుకోవడం ఎందుకు? హోమర్ స్మిత్ దీనికి చరిత్ర నుంచి జవాబు చెప్పారు. మంచినీటిలో బతికిన పూర్వపు చేపలకు చొరబడే నీటిని పారబోయడానికి సన్నటి రక్తనాళాల వడపోత గుచ్ఛం పుట్టిందని, నేల మీదికి వచ్చాక మనం దాన్ని అలాగే ఉంచుకుని, పోయినదాన్ని తిరిగి పీల్చుకునే నాళికను పొడిగించుకున్నామని ఆయన వాదన. అందులోని ప్రతి మెట్టునూ ఈనాడు అందరూ ఒప్పుకోరు. అయినా సముద్రపు గుర్రం లాంటి కొన్ని సముద్రపు చేపల్లో గుచ్ఛాలే లేకపోవడం చూస్తే ఆ వాదనలో బలం ఉందని నాకనిపిస్తుంది. నీరు పారబోయాల్సిన పని లేని చోట వడపోతే అక్కర్లేదు.

వడపోత గుచ్ఛం పనికి శక్తినిచ్చేది గుండె ఒత్తిడి. నాళిక మాత్రం సొంత ఏటీపీతో బతకాలి. అందుకే రక్తపోటు పడిపోయినా, ఒంట్లో నీరు ఇంకిపోయినా ముందు దెబ్బతినేది నాళికే. ఈ తేడా తెలిసి ఉంటే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం సంగతి ఇంకొంచెం స్పష్టంగా చూడగలం. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, జీడి తోటల మధ్య మధుమేహం లేని, బీపీ లేని వయసు మనుషుల కిడ్నీలు పాడవుతున్నాయి. వారిలో ఎక్కువగా దెబ్బ కనిపించేది గుచ్ఛంలో కాదు, నాళికల్లోనూ వాటి చుట్టూ ఉన్న కణజాలంలోనూ. గుచ్ఛం చాలాకాలం నిలిచే ఉంటుంది కాబట్టి మూత్రంలో ప్రొటీను పెద్దగా పోదు, కాళ్లు వాయవు. మూత్రంలో స్ట్రిప్ ముంచి చూసి 'ఏమీ లేదు' అని పంపేస్తే, ఈ జబ్బును పట్టుకోవలసిన దశ దాటిపోతుంది.

మరి దేనితో పట్టుకోవాలి? రక్తంలో క్రియాటినిన్. ఉద్దానంలో చదువు రానివారికి కూడా ఈ మాట తెలుసు. 'ఎంతుంది' అని ఒకరినొకరు అడిగేది ఈ అంకె గురించే. ఈ పదార్థం ఎక్కడిది? కండలో సుబ్బారావు గారు కనుగొన్న ఫాస్ఫోక్రియాటిన్, దాని తోడు క్రియాటిన్, రోజుకు వంద పాళ్లలో ఒకటి రెండు పాళ్ల చొప్పున తనంతట తానే విరిగి క్రియాటినిన్‌గా మారుతుంది. ఒంటికి దానితో పని లేదు. మూత్రపిండం వడకట్టి పంపేస్తుంది. దాన్ని రంగుతో కొలిచే పద్ధతిని 1904లో స్థిరపరచిన ఒట్టో ఫోలిన్, సుబ్బారావు గారు హార్వర్డ్‌లో చేరేనాటికి ఆ విభాగానికి అధిపతి.

కండ నుంచి వచ్చేది కాబట్టే ఈ అంకెను కండతో కలిపి చదవాలి. బలమైన దేహానికి డెసిలీటరుకు 1.1 మిల్లీగ్రాములు సహజం. తక్కువ తిని ఎక్కువ కష్టపడే సన్నటి మనిషికి అది సహజం కాదు. వడపోత సగం పడిపోయేదాకా అంకె 'నార్మల్' గీత దాటకపోవచ్చు. కండతో సంబంధం లేని సిస్టాటిన్ సి అనే పరీక్ష ఉంది. ధర ఎక్కువ, పల్లెకు అందదు. అందుబాటులో ఉన్న మార్గం ఒకే మనిషికి ఏడాదికోసారి, వీలైతే అదే ల్యాబులో, క్రియాటినిన్ తీసి ఆ వరుసను దాచడం. మూడేళ్లలో 0.7 నుంచి 1.1కి వచ్చిన కొబ్బరితోట కూలీ కాగితం మీద ఇంకా ఆరోగ్యవంతుడే. నిజానికి ఆ పాటికి అతని వడపోతలో మూడో వంతు పోయింది. ఆ వరుసను చదవడం ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల ల్యాబు సిబ్బందికి, ఆశా కార్యకర్తలకు నేర్పాలని, ఈ సభలో ఉన్న వైద్య కళాశాలల ఆచార్యులు ఆ పని మీదేసుకోవాలని సుబ్బారావు గారి పేరు మీద అడుగుతున్నాను.